టోపీ లేకుండా చెప్పిన కబురు

మూకాష్ ఎవరి వాకిట్లో గుర్రం దిగితే ఆ ఇంట్లో పొయ్యి మీది పాలు పొంగిపోయేవి. ఆయన ఏ పని మీద వచ్చాడో నోరు తెరిచి చెప్పేలోపే ఇల్లాలికి కాళ్ళూ చేతులూ ఆడేవి కావు. తప్పిపోయిన మేకను వెతుక్కుంటూ వచ్చినా అంతే, పార అడగడానికి వచ్చినా అంతే. చివరికి ఆయనే ఒక ఉపాయం కనిపెట్టాడు. మామూలు పని మీద వచ్చినప్పుడు తలమీది తెల్ల ఉన్నిటోపీ తీసి చంకలో పెట్టుకుని, వీధి మలుపు నుంచే "ఊరికే వచ్చానమ్మా, ఊరికే" అని కేకేసుకుంటూ వచ్చేవాడు. మంచు కురిసే రోజుల్లో కూడా బోడితలతోనే వచ్చేవాడు. ఆయన చెవులు చలికి ఎర్రగా కంది కనిపిస్తే మా ఆడవాళ్ళు హమ్మయ్య అనుకుని ఊపిరి పీల్చుకునేవాళ్ళు.

టోపీ పెట్టుకుని వచ్చాడంటే మాత్రం అది చావు కబురే. మా అత్‌బాషి లోయలో చావు కబురు సొంతవాళ్ళు చెప్పరు. ఎక్కడో దూరాన ఎవరైనా పోతే ఆ సంగతి ముందు ఊరి పెద్దల చెవిన పడుతుంది. వాళ్ళు టోపీలు పెట్టుకుని, కలిసికట్టుగా ఆ ఇంటికి వెళ్ళి కూర్చుంటారు. వినవలసిన మనిషికి అటొకరూ ఇటొకరూ ఆడవాళ్ళు చేతులు పట్టుకుని కూర్చుంటారు, కూలిపోతే ఆపడానికి. అప్పుడు మాట నేర్చినవాడొకడు ఎక్కడో కొండల దగ్గర మొదలుపెడతాడు. కొండలు అరిగిపోవడం గురించి, నదులు ఎండిపోవడం గురించి, ముసలి డేగల గురించి మాట్లాడుతూ మాట్లాడుతూ, మనిషిని చెయ్యిపట్టి నడిపించినట్టు ఆ ఒక్క మాట దగ్గరికి తీసుకొస్తాడు. చివర్న "గట్టిగా ఉండు" అంటాడు. ఆ మాట మా వైపు ఇంకే సందర్భంలోనూ అనరు. అది వినపడగానే ఇంట్లో ఏడుపు లేస్తుంది.

ఇంత డొంకతిరుగుడు ఎందుకని పట్నంలో చదువుకొచ్చిన మా పిల్లలు వెక్కిరిస్తుంటారు. వెక్కిరించనీ. కొడుకు పోయాడన్న సంగతి బజార్లో బంగాళాదుంపలు ఏరుకుంటూ ఫోనులో విన్న తల్లిని కూడా మేం చూశాం.

మూకాష్ పుట్టు మాటకారేమీ కాదు. ఉన్ని మూటల లారీ తోలేవాడు. తనతో పాటు లారీ తోలే స్నేహితుడు కనుమ మలుపులో బండితో సహా లోయలోకి జారిపోయిన రోజున ఊళ్ళో పెద్దలంటూ ఎవరూ లేరు. అంతా వేసవి మేతకు మందలతో పైకొండలకు వెళ్ళి ఉన్నారు. మీసాలు సరిగా రాని వయసులో మూకాషే వెళ్ళి అతని భార్య ముందు కూర్చున్నాడు. ఏం మాట్లాడాడో ఆయనకే గుర్తు లేదు. కానీ ఆవిడ తర్వాత ఎవరితోనో "మూకాష్ చెప్పాడు కాబట్టి తట్టుకున్నాను" అంది. ఆ మాట ఆయన్ను జన్మంతా ఆ పనికి కట్టేసింది. లారీ పోయింది, సర్కారు ఉన్ని గోదాము పోయింది, నెత్తిన జుట్టు పోయింది, ఈ పని మాత్రం మిగిలింది. దాని మీద ఆయనకు కాస్త గర్వం కూడా ఉండేది. లేదంటే నేను అబద్ధం ఆడినట్టే.

ఆయన దగ్గర ఎవరికీ వినిపించని కబురు ఒకటి ఉంది. లారీ లైసెన్సు కోసం చివరిసారి డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు షుగర్ ఉందన్నారు. మాత్రలిచ్చారు. ఆయన వాటిని పాత పొగాకు డబ్బాలో పోసి, జీను పెట్టే కొట్టంలో దాచాడు. గుర్తొచ్చినప్పుడు ఒకటి మింగేవాడు. భార్య అనార్‌కు కూడా చెప్పలేదు. ఊరందరి చావులు మోసే మనిషికి తన రోగం మోసుకెళ్ళి ఎవరికి చెప్పాలో తోచలేదు.

ఆ శరదృతువులో గుల్సున్ కూతురు కనిషాయ్‌కి జబ్బు చేసింది. పదమూడేళ్ళ పిల్ల. గుర్రమెక్కితే జుట్టు విరబోసుకుని మగపిల్లలందర్నీ వెనకేసేది. అలాంటిది ఉన్నట్టుండి చిక్కిపోయింది. బక్కెట్ల కొద్దీ నీళ్ళు తాగేది, తరగతిలోంచి పదేపదే బయటికి పరిగెత్తేది. ఒకరోజు బడిలోనే పడిపోయింది. నారిన్ పట్నం ఆసుపత్రిలో చాలా రోజులుంచి, ఇన్సులిన్ సూదులిచ్చి పంపారు. ఇది పిల్లలకొచ్చే రకం షుగరనీ, బతికినన్నాళ్ళూ సూది వేసుకోవలసిందేననీ డాక్టరమ్మ గుల్సున్‌కు వివరంగా చెప్పింది. పిల్లకు ఊహ తెలిసింది కాబట్టి ఆ పిల్లకే అన్నీ చెప్పి నేర్పించమంది. గుల్సున్ తలూపి ఇంటికొచ్చి, కొండల మీద కొత్త గడ్డి మొలిచేదాకే ఈ సూదులని కూతురికి చెప్పింది.

కానీ కనిషాయ్ గడ్డి పరక కాదు, నమ్మి ఊరుకోవడానికి. గడ్డి మొలిచేదాకే అయితే అన్ని పెట్టెల సూదులెందుకు తెచ్చావని అడిగింది. రాత్రిళ్ళు దుప్పట్లో మొహం పెట్టుకుని ఎందుకేడుస్తున్నావని అడిగింది. గుల్సున్ నీళ్ళు నమిలింది. మొగుడు తలాంత్ రష్యాలో టాక్సీ తోలుకుంటున్నాడు, ఫోనులో ఆయనా నీళ్ళు నమిలాడు. చివరికి ఆవిడ శాలువా కప్పుకుని మూకాష్ ఇంటికి వచ్చింది. "నా నోటితో చెప్పలేను బాబాయ్. మీరే చెప్పాలి. మీరు చెబితే ఎంతటిదైనా తట్టుకుంటారు" అంది.

ఇది నా పని కాదమ్మా అని ఆయన అక్కడే అనేసి ఉంటే బాగుండేది. అనలేదు. పొగడ్త చెవిన పడితే మనిషికి కళ్ళు కనపడవు. చావు కాని చెడ్డ కబురు ఇంకో తీరుగా చెప్పాలేమోనన్న ఆలోచనే ఆయనకు రాలేదు. పెద్ద కబురు, కాబట్టి టోపీ పెట్టుకున్నాడు. ఇద్దరు పెద్దలను వెంటబెట్టుకున్నాడు. ఆ పిల్లకు అటూ ఇటూ కూర్చోవడానికి పక్కింటి ఆడవాళ్ళను పిలవమన్నాడు.

వాకిట్లో మూడు టోపీలు కనపడగానే కనిషాయ్ మొహంలో నెత్తురు లేదు. ఆడవాళ్ళు చేతులు పట్టుకుని కూర్చోబెట్టారు. మూకాష్ గొంతు సవరించుకుని కొండల దగ్గర మొదలుపెట్టాడు.

"నాన్నేనా?" అంది కనిషాయ్.

మధ్యలో ఆగి జవాబు చెప్పడం ఆయనకు అలవాటు లేదు. కాదన్నట్టు తల ఊపి, నదుల దగ్గరికి వెళ్ళాడు. నదుల దగ్గర్నుంచి డేగల దగ్గరికి వెళ్ళాడు. ఆ పిల్ల కళ్ళు ఇల్లంతా తిరిగాయి. అమ్మ గోడ పక్కన కూర్చుని ఉంది. నాన్న కాదంటున్నారు. ఇంకెవరు మిగిలారా అని వెతుక్కుంటోందని ఆయనకు అప్పుడు తెలియలేదు.

"నీ ఒంట్లోకి ఒక జబ్బు వచ్చి చేరింది తల్లీ. అది పోయేది కాదు. చివరి ఊపిరి దాకా నీతోనే ఉంటుంది" అన్నాడు. ఆ తర్వాత, నలభై ఏళ్ళ అలవాటు కొద్దీ, నోరు తనంతట తానే కదిలి, "గట్టిగా ఉండు" అనేసింది.

పక్కింటి ఆడవాళ్ళు కూడా అలవాటు కొద్దీ ఒక్కసారి గొంతెత్తారు. గుల్సున్ గోడకేసి తల కొట్టుకుంది. కనిషాయ్ మాత్రం ఏడవలేదు. చేతులు విడిపించుకుని లేచి, ఇంటి ఆడపిల్లలాగా పెద్దలకు టీ పోసి ఇచ్చింది. గిన్నె అందిస్తుంటే చెయ్యి వణకలేదు. ఇంటికి వెళ్ళాక మూకాష్ ఆ పిల్ల గుండె నిబ్బరాన్ని అనార్ దగ్గర మెచ్చుకున్నాడు. ఇంత చక్కగా తానెప్పుడూ చెప్పలేదని కూడా అన్నాడు.

ఇది జరిగిన కొన్నాళ్ళకు ఆయన బజారులో నడుస్తుంటే ఎదురుగా ఎర్ర కోటు కనపడింది. కనిషాయ్ కోటు. తలాంత్ రష్యా నుంచి పంపించినది, ఊళ్ళో అలాంటిది ఇంకోటి లేదు. లోపల ఉన్నది మాత్రం వేరే పిల్ల. అడిగితే, కనిషాయ్ ఇచ్చేసిందని చెప్పింది. చెవిపోగులు మేనమామ కూతురికిచ్చిందట. జీను పెదనాన్న కొడుక్కిచ్చిందట. ఎంత మంచి మనసో అంటోంది ఆ అమాయకురాలు.

మా దగ్గర మనిషి పోయాక ఆ మనిషి బట్టలూ వస్తువులూ ఊళ్ళో వాళ్ళకు పంచుతారు. తన సొంత చావు కబురు తన చెవులతో విన్న పిల్ల, తర్వాతి పని కూడా తనే చేసుకుంటోంది. మూకాష్ వెనక్కి తిరిగి గుల్సున్ ఇంటికి పరిగెత్తాడు. టోపీ ఎక్కడో పడిపోయింది, చూసుకోలేదు.

కనిషాయ్ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. గాలి కోసం కొట్టుకుంటున్నట్టు పెద్దగా ఊపిరి తీస్తోంది. ఆ ఊపిరిలో కుళ్ళిన ఆపిల్ పండ్ల వాసన. సూది తనే వేసుకుంటానంది, పెద్దదైందని సంబరపడ్డాను అంటోంది గుల్సున్. పొయ్యి బూడిద కెలికితే వాడని మందు గొట్టాలు బయటపడ్డాయి. పక్కింటివాళ్ళ కారులో నారిన్‌కు బయల్దేరారు. మూకాష్ వెనక సీట్లో ఆ పిల్ల తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. కనుమ ఎక్కి దిగేదాకా ఆయన నోట్లోంచి ఒక్క ముక్క రాలేదు. పైగా లోపల, వద్దన్నా వినకుండా, తలాంత్‌కు ఈ కబురు ఎలా చెప్పాలో మాటలు వరుస కట్టడం మొదలైంది. కొండలు, నదులు, డేగలు. తన మీద తనకే రోత పుట్టింది.

పిల్ల బతికింది. కళ్ళు తెరిచింది గానీ ఎవరితోనూ మాట్లాడలేదు. నర్సు సూది వేస్తే వేయించుకుంటుంది, అన్నం పెడితే మొహం తిప్పుకుంటుంది. ఇంటికి పంపితే మళ్ళీ అదే చేస్తుందని డాక్టరమ్మ భయపడింది. ఏం చెప్పారు మీరు ఆ పిల్లకు అని గుల్సున్‌ను నిలదీసింది. గుల్సున్ మూకాష్ వైపు చూసింది.

ఆయన వార్డు గుమ్మంలో బోడితలతో నిలబడ్డాడు. "ఊరికే వచ్చాను తల్లీ" అన్నాడు.

కనిషాయ్ ఆయన తలవైపు చూసింది. "ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదు."

"నేను పోలేదా?"

"లేదు."

"మరి గట్టిగా ఉండమన్నారుగా."

ఆయన మంచం పక్కనున్న బల్ల మీద కూర్చున్నాడు. "తప్పు చెప్పాను" అన్నాడు.

"ఏది తప్పు? జబ్బు పోతుందా?"

పోతుందని ఒక్క మాట అంటే ఆ పిల్ల అప్పటికప్పుడు లేచి కూర్చునేదే. గుల్సున్ గుమ్మం దగ్గర నుంచి కళ్ళతోనే బతిమాలుతోంది. "పోదు" అన్నాడు మూకాష్.

"సూదులు?"

"ఎప్పటికీ వేసుకోవాలి."

"మరి తప్పేంటి తాతా?"

"చచ్చిపోతున్నావన్నట్టు చెప్పాను. అది తప్పు. నువ్వు బతకడానికి చెప్పాల్సిన మాట అది. నాకు చావు చెప్పడం ఒక్కటే వచ్చు తల్లీ. ఇంకోటి రాదు."

మూకాష్ తన జేబులోంచి పొగాకు డబ్బా తీసి ఆమె దుప్పటి మీద పెట్టి మూత తెరిచాడు. నాకూ షుగరేనని చెప్పాడు. ఆ మాట బయటికి అనడం ఆయనకు అదే మొదలు. చెప్పేముందు కొండల దగ్గర మొదలుపెట్టడానికి వీలే దొరకలేదు.

"ఎప్పట్నించి?"

"నువ్వు పుట్టకముందు నించి."

"మరి మీకు చెప్పడానికి టోపీలు పెట్టుకుని ఎవరొచ్చారు?"

"ఎవరూ రాలేదు. నేనెవరికీ చెప్పలేదు."

ఆ పిల్లకు కోపమొచ్చింది. ఆసుపత్రికి వచ్చాక ఆమె మొహంలో ఏదైనా కదలడం అదే మొదటిసారి. "నా సంగతి ఊరందర్నీ కూర్చోబెట్టి చెప్పారు. మీది మాత్రం పొగాకు డబ్బాలో పెట్టుకున్నారు. సిగ్గు లేదూ?" అంది. ఇంత చిన్నపిల్ల అంత పెద్దమనిషిని అలా అనేసరికి గుల్సున్ నోటికి శాలువా అడ్డం పెట్టుకుంది. మూకాష్ మాత్రం తిట్టు తిన్నందుకు సంతోషించాడు.

ఆ తర్వాత ప్రశ్నలు మొదలయ్యాయి. గుర్రం ఎక్కొచ్చా? వేసవిలో పైకొండలకు వెళ్ళొచ్చా? పెళ్ళిళ్ళలో నూనెలో వేయించిన పిండి ముక్కలు తినొచ్చా, గుర్రప్పాలు తాగొచ్చా? నాకు పిల్లలు పుడతారా? మూకాష్‌కు ఒక్కదానికీ జవాబు తెలియదు. తెలియదనే చెప్పాడు. డాక్టరమ్మను చెయ్యిపట్టుకుని తీసుకొచ్చి కూర్చోబెట్టి, ఆ ప్రశ్నలన్నీ ఒక్కటొక్కటిగా ఆమె ముందు పెట్టాడు. ఆవిడ అలంకారాలేమీ లేకుండా చెప్పింది. ఎక్కొచ్చు, కానీ జేబులో చక్కెర బిళ్ళలుండాలి. వెళ్ళొచ్చు, కానీ మందు ఎండలోనూ మంచులోనూ పడకూడదు. తినొచ్చు, ముందు రక్తం చూసుకుని దానికి తగ్గ సూది వేసుకుని. పుడతారు. ఒక్క ముక్కలో అయిపోయే మాట కూడా మనిషిని నిలబెట్టగలదని ఆయనకు ఆ వయసులో తెలిసింది.

ఎర్ర కోటు తిరిగొచ్చింది. జీను కూడా వచ్చింది. చెవిపోగులు మాత్రం ఆ మేనమామ కూతురు ఇవ్వనంది, కనిషాయ్ పోనీలెమ్మంది.

ఆ చలికాలం బడి వదలగానే కనిషాయ్ మూకాష్ ఇంటికి వచ్చేది. మీరు రోజూ రక్తం చూసుకుంటే నేనూ చూసుకుంటానని ఆ పిల్ల పెట్టిన ఒప్పందం. మీ ఆవిడకు మీరు చెప్పకపోతే నేను చెప్తానని బెదిరించి, ముందు అనార్‌కు చెప్పించింది. ఇన్నేళ్ళు నా పక్కన పడుకుని నాకే చెప్పలేదా అని అనార్ దుమ్మెత్తిపోసింది, ఇంట్లో పళ్ళపాకం సీసాలన్నీ ఎత్తుకెళ్ళి కోడలి ఇంట్లో పెట్టేసింది. కిటికీ పక్కన కూర్చుని ఇద్దరూ వేలు గుచ్చుకునేవాళ్ళు. నెత్తుట్లో చక్కెర ఎంతుందో చూపే చిన్న యంత్రం మీద అంకె కనపడగానే కనిషాయ్ వెక్కిరింత మొదలయ్యేది.

"తాతా, మీ ఒంట్లో ఉన్నది నెత్తురు కాదు, పాకం. దోమ కుడితే దానిక్కూడా షుగరొస్తుంది."

"నోరు ముయ్యవే. పెద్దంతరం చిన్నంతరం లేదు" అనేవాడాయన. అంటూనే చెవులు రిక్కించి ఆ నవ్వు వినేవాడు.

పక్క ఊళ్ళో ఒక చిన్న పిల్లాడికి ఇదే జబ్బొచ్చిందని తెలిసినప్పుడు ఆ ఇంటివాళ్ళు మళ్ళీ మూకాష్‌నే పిలిచారు. ఆయన టోపీ ఇంట్లో వదిలి, కనిషాయ్‌ని గుర్రం మీద వెనక కూర్చోబెట్టుకుని వెళ్ళాడు. పిల్లాడు తల్లి శాలువా చాటు నుంచి "నేను చచ్చిపోతానా?" అన్నాడు. తల్లి వాడి నోరు మూయబోయింది. "సూది మానేస్తే చచ్చిపోతావు. మానకపోతే లేదు. నేను మానేసి చూశాను" అంది కనిషాయ్. పిల్లాడు శాలువా వదిలేసి వచ్చి, ఆమె సూది ఎక్కడ పొడుచుకుంటుందో చూపించమన్నాడు. ఆ ఇంట్లో ఆ రోజు మూకాష్ టీ తాగడం తప్ప ఏ పనీ చేయలేదు. దారిలో తిరిగొస్తూ, ఇక నా పని నీదేనని ఆ పిల్లతో అన్నాడు.

ఇక్కడితో ఆపితే బాగుండేది. ఆపడానికి లేదు.

షుగరున్నవాళ్ళు రోజూ పాదాలు చూసుకోవాలని కనిషాయ్‌కి ఆసుపత్రిలో నేర్పారు. తాతా మేజోళ్ళు తియ్యండి అని ఆమె రోజూ పోరేది. ఆడపిల్లవు, ముసలాడి కాళ్ళు చూస్తావా అని ఆయన కసిరేవాడు. మరీ పోరితే కుడికాలి మేజోడు తీసి చూపించేవాడు. చూశావుగా, శుభ్రంగా ఉందిగా, పో అనేవాడు. ఎడమకాలు పొయ్యి దగ్గర పెట్టుకుని కునుకు తీసినప్పుడు ఎప్పుడో కాలింది. షుగర్ వల్ల పాదం మొద్దుబారి నొప్పి తెలియలేదు కాబట్టి బొబ్బ లేచిందని చాలా రోజులు తెలియలేదు. తెలిశాక గొర్రె కొవ్వు రాసి, గుడ్డ చుట్టి, పైన మేజోడు లాగేశాడు. నడక తేడాగా ఉందేమిటని అనార్ అడిగితే, "ఊరికే" అన్నాడు. చెప్పడమే బతుకుగా బతికిన మనిషికి తన కాలి సంగతి చెప్పడానికి నోరు రాలేదు. ఎందుకు రాలేదో మాకు ఇప్పటికీ అర్థం కాదు. ఆ పిల్ల ముందు తప్పు చేసినవాడిలా నిలబడడం ఇష్టం లేకపోయి ఉండవచ్చు. రెండోసారి.

మంచు కరిగేనాటికి కాలు నల్లబడింది. వాసన దాచడం కుదరలేదు. నారిన్‌కు తీసుకెళ్ళారు. మోకాలి కింద నుంచి తీసెయ్యాలి, ఆలస్యం చేస్తే ప్రాణం పోతుంది అన్నారు. అనార్ డాక్టర్ల చేతులు పట్టుకుని ఆయనకు చెప్పొద్దని ఏడ్చింది. పుండు కడుగుతారని చెప్పి సంతకం పెట్టించుకుంటానంది. చెప్పకుండా కోయడం కుదరదని వాళ్ళు అన్నారు. మీరైనా చెప్పండి, లేదా మేం చెబుతాం అన్నారు.

ఊరినుంచి పెద్దలు వచ్చారు. అలవాటు కొద్దీ టోపీలు పెట్టుకుని వచ్చారు. వార్డు తలుపు దాకా వెళ్ళాక ఒకాయనకు తట్టింది, ఈ టోపీలతో లోపలికి వెళితే మూకాష్ అక్కడికక్కడే ప్రాణం వదిలేస్తాడని. టోపీలు తీసి చేతుల్లో పట్టుకుని నడవాలో నిలబడ్డారు. తర్వాత ఎవరు మొదలుపెట్టాలని ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. లోయ మొత్తానికి ఆ పని వచ్చిన మనిషి ఒక్కడే, ఆయన లోపల మంచం మీద ఉన్నాడు.

కనిషాయ్ తల్లితో వచ్చి వాళ్ళ వెనకే నిలబడి ఉంది. వాళ్ళ గుసగుసలు విన్నంతసేపు విని, సందు చేసుకుని తలుపు తోసుకుని వెళ్ళిపోయింది. ఎవరూ ఆపలేదు. నిజం చెప్పాలంటే, ఎవరో ఒకరు వెళ్ళినందుకు అందరూ బతికామనుకున్నారు.

మూకాష్ ఆమెను చూసి నవ్వబోయాడు. "ఊరికే వచ్చావా తల్లీ?"

"ఊరికే రాలేదు తాతా."

మంచం అంచున కూర్చుంది. పట్టుకోవడానికి అటూ ఇటూ ఎవరూ లేరు కాబట్టి ఆయన రెండు చేతులూ తనే పట్టుకుంది.

"రేపు మీ ఎడమకాలు తీసేస్తారు. మోకాలి కింద నించి. పుండు కడగడానికి కాదు. తియ్యకపోతే చచ్చిపోతారు. తీస్తే బతుకుతారు."

ఎన్ని ఇళ్ళలో ఎంతమంది మొహాల మీద ఆయన ఈ క్షణాన్ని చూశాడో. ఇవతలి వైపు నుంచి ఇది ఇలా ఉంటుందని ఊహించనైనా లేదు. చివరి మాట కోసం ఆగాడు. ఆమె అనలేదు.

"అంతేనా?" అన్నాడు.

"అంతే."

"కొండల దగ్గర మొదలుపెట్టాల్సింది."

"అలా మొదలుపెడితే మీరు పోయారనుకునేవారు."

ఆయన గొంతులో నవ్వు లాంటిదేదో లేచింది, అది సగంలోనే ఏడుపైపోయింది. ఊరందరి ఏడుపులూ కళ్ళారా చూసిన మనిషి, తనకు ఏడవడం రాక, గొంతులో ఏదో అడ్డం పడ్డవాడిలా ఏడ్చాడు. కనిషాయ్ చేతులు వదలలేదు. ఆ చేతులు వణకడం ఆయనకు తెలిసింది. ఆ రోజు టీ పోసినప్పుడు వణకని చేతులు.

"రోజూ అడిగానుగా తాతా. ఆ మేజోడు ఎందుకు తియ్యలేదు?" అంది.

ఆయన ఎడమకాలిని దుప్పటి లోపలికి లాక్కున్నాడు.

దుప్పటి కింద ఆ కాలు ఉన్నచోట ఆమె చూపు ఆగిపోయింది. బయటివాళ్ళకు వినపడనంత మెల్లగా అడిగింది. "నాకూ ఇలాగే అవుతుందా?"

కాదు తల్లీ, నీకెందుకవుతుంది అని ఎవరైనా అంటారు. ఆ మాట ఆయన నాలుక చివరిదాకా వచ్చింది కూడా. పదమూడేళ్ళు నిండి పద్నాలుగో ఏడు నడుస్తున్న పిల్ల, ఆయన నోటివైపే చూస్తోంది.

"తెలీదు తల్లీ" అన్నాడు. "నేను దాచుకున్నాను. నువ్వు దాచుకోకు. అదొక్కటే నాకు తెలిసింది."

ఆమె తల ఊపింది. అప్పుడు ఏడ్చింది, ఇన్ని నెలల్లో మొదటిసారి, మొహం దాచుకోకుండా. ఆయన ఆపలేదు. కాసేపయ్యాక, తలుపు సందులోంచి కనపడుతున్న తెల్ల టోపీల వైపు చూసి చెయ్యి ఊపాడు.

"పాపం నిలబడి ఉన్నారు, రమ్మను. ఆ టోపీలు అక్కడే పెట్టి రమ్మను."